ఏడో నంబరు స్లైడు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు పన్నెండో స్లైడు మీద చివరి చుక్క పడింది. ఆమె పెట్టె మూత మూసి, టైమరు గంటకు తిప్పి, గ్లవ్స్ విప్పి బుట్టలో వేసింది. పన్నెండు స్లైడ్లలో ఏడోది ఆమె అక్క నాలుకది.

ఆ సంగతి ఆమెకు తెలియకూడదు. ఈ పరిశోధనలో ముక్క ఎవరిదన్నది కోసేవాళ్లకూ రంగు వేసేవాళ్లకూ తెలియకూడదని మొదటి రోజే రాసుకున్నారు. ఆసుపత్రి నంబరు మీద తెల్ల టేపు అంటించి, దాని మీద కొత్త నంబరు వేసి, ముక్కను పొదిగిన మైనపు దిమ్మెలు పంపుతారు, పొరపాటున తెలిస్తే డాక్టరుకు చెప్పి పక్కకు తప్పుకోవాలి. పొద్దున ఏడో దిమ్మెను వెలుతురుకు ఎత్తితే కుడి మూల ఆవగింజంత గాలి బుడగ కనిపించింది. ఆ బుడగ ఆమెదే. ఇరవై రెండేళ్లుగా మైనం పోస్తున్న చెయ్యి ఒక్కరోజు, అక్క ఆపరేషను మర్నాడు, కాస్త తొందరపడింది. ఆ రోజు సీనియర్ టెక్నీషియను, ల్యాబులో అందరూ మైనం మామ అని పిలిచే ఆయన, తలుపు దగ్గరే అడ్డం నిలబడి, "అమ్మాయ్, ఇవాళ నువ్వు మీ అక్క మంచం పక్కన కూచో, ఈ ఒక్కటీ నాకొదిలెయ్," అన్నాడు. "నీ మైనం ఎప్పుడూ వేడెక్కువ మామా, ముక్క ఉడికిపోతుంది," అని ఆమె లోపలికి వచ్చింది. వచ్చి బుడగ పెట్టింది. పొద్దున ఆ బుడగను చూసి కూడా డాక్టరు గదికి వెళ్లలేదు. దిమ్మెను కోత మిషనుకు బిగించి, మూల తగలకుండా నాలుగు మైక్రాన్ల పొర తీసి, నీళ్ల మీద తేల్చి, స్లైడు మీదికి ఎత్తి, పెన్సిలుతో 7 అని రాసింది.

స్టూలు మీద కూర్చుంది. పొద్దుటినుంచి నోరెత్తని కాళ్లు కూర్చోగానే సాధింపు మొదలుపెట్టాయి. గోడ ఫ్యాను నాలుగు తిప్పులకొకసారి టిక్కుమంటోంది. కుళాయి కింద గిన్నెలో చుక్క పడుతోంది, ఆ కుళాయి గురించి మూడు కాగితాలు రాసింది, మూడింటికీ అందినట్టు ముద్ర వేసి పంపారు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి అక్క కోసం అన్నమూ కూరా మెత్తగా రుబ్బి, పలుకు తగలకుండా బట్టలో వడకట్టి, సీసాలో పోసుకుని పక్క వీధికి వెళ్తే బావ నోట్లో బ్రష్షుతో తలుపు తీసి, "రాత్రి పడుకుందిలే," అంటాడు. రోజూ అదే మాట. పడుకోని రోజు కూడా అదే. ఇవాళ అక్క కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు, బాబిన్‌కు దారం చుడుతోంది, మెడ మీద కుట్ల గీత చెవి కిందినుంచి గడ్డం కిందికి దిగి ఉంది. ఆ గీతను చూసి అక్క మొదటిసారి అన్న మాట, ఈ కుట్టు కుట్టినవాడెవడో గానీ కచ్చా కుట్లు విప్పడం మర్చిపోలేదు, పనిమంతుడే అని. ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. నాలుకలో సగం లేకపోతే ఏ అక్షరమూ పైకి తగలదు, అన్నీ కిందే దొర్లుతాయి. ఇప్పుడు నయం, ఇంట్లోవాళ్లకు తెలుస్తోంది, బేరానికి వచ్చినవాళ్లకు బావ చెప్పాల్సి వస్తోంది. నరం లేని నాలుక అంటారు గదే, దాన్లో ఎన్ని నరాలున్నాయో నన్నడుగు చెప్తాను అంటుంది అక్క. రేడియేషను ముప్పై రోజులూ అదే జోకు, నర్సు మారినప్పుడల్లా.

టైమరులో ఇంకా యాభై రెండు నిమిషాలు. ఈ గంటసేపూ పెట్టెలో జరిగేది కంటికి కనిపించదు. చుక్కలో ఉన్న యాంటీబాడీ మందు కణం అంచున తన జతను వెతుక్కుంటుంది. ఆ జత పేరు ఈజీఎఫ్ఆర్, డాక్టరు దాన్ని గుమ్మం అంటాడు: పెరగమని బయటినుంచి కబురొస్తే లోపలికి చేరవేసే గుమ్మం. ప్రతి కణానికీ కొన్ని ఉంటాయి. రోగపు కణాలు కొన్ని గుమ్మాల మీద గుమ్మాలు పెట్టుకుంటాయి, ఒక్క కబురొచ్చినా వంద గుమ్మాల్లోంచి లోపలికి పోతుంది, కొన్నిసార్లు కబురు రాకపోయినా వచ్చినట్టే ఉంటుంది. మందు పట్టిన చోట చివర్లో గోధుమరంగు తేలుతుంది. ఏమీ లేకపోతే సున్నా, నిండుగా ఉంటే మూడు ప్లస్సులు, మధ్యలో ఒకటీ రెండూ. ఇదంతా అక్కకు చెబితే కత్తెర ఆపకుండా విని, "కాలు తీసినా మోటారు ఆగని మిషనన్నమాట," అంది. అంతే అక్కా. "అలాంటిదొకటి కొన్నాం గుర్తుందా, ప్లగ్గు పీకాల్సొచ్చేది." గుర్తుంది. చేతుల జాకెట్టు కుడుతుంటే సూది ఆగక అక్క వేలు దాకా పోయింది, గోరు మధ్యలో ఇప్పటికీ చార ఉంది. మరి దీనికి ప్లగ్గెక్కడ అని అక్క అడగలేదు. తను చెప్పలేదు. గుమ్మాలకు తలుపులేసే మందులు ఉన్నాయి, కొందరికి పనిచేస్తాయి, ఈ స్లైడు చూసి ఎవరికీ ఇవ్వరు. ఈ స్లైడు డాక్టరు గదిలో గోడ మీది గీతల కోసం.

ఆ గీతలు. మూడేళ్లలో రెండు వందల పన్నెండు మంది. పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు రెండు గీతలు, సున్నా ఒకటి వాళ్లది నీలం, రెండు మూడు వాళ్లది ఎరుపు. ఎరుపు తొందరగా దిగుతుంది. ఒక్కో మెట్టూ పోయిన ఒక మనిషి. గీత మీద నిలువుగా చిన్న గాటు ఉంటే ఆ మనిషి ఆఖరుసారి కనిపించినప్పుడు బతికే ఉన్నాడని అర్థం, ఆ తర్వాత సంగతి తెలియదని. ఒకరోజు డాక్టరుకు కాగితాలిచ్చే వంకతో వెళ్లి ఎరుపు గీతను రెండేళ్ల దగ్గర ఎక్కడుందో వేలు పెట్టకుండా కళ్లతో కొలిచింది, సగానికి కొంచెం పైన. నీలం మూడొంతులకు పైన. ఆయన తలెత్తకుండానే, "ఎవరిదైనా ఉందా ఇందులో?" అన్నాడు. లేదు సార్, ఊరికే అడుగుతున్నాను, ఈ రంగు చూసి ఒక మనిషికి ఎన్నాళ్లో చెప్పొచ్చా? "నూరుమందిని తెచ్చి నిలబెట్టు, ఎంతమంది మిగులుతారో చెప్తాను. ఒక్కర్ని తెచ్చి నిలబెడితే నేనూ నీలాగే నిలబడి చూస్తాను." ప్లస్సులాయన అని ఆయన వెనకాల అందరూ అనే పేరు, ఆయనకూ తెలుసు. నూరుమందికి తెలిసేది ఒక్కరికి తెలియకపోవడమేమిటి, ఆ నూరుమందీ ఒక్కొక్కరుగానే కదా వచ్చింది, ఈ అరల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా నా చేతుల మీదుగానే కదా వెళ్లింది. ఎరుపు గీతలో మొదటి మెట్టు నూట నాలుగో నంబరు. బుగ్గ లోపలి ముక్క, పొగాకు నమిలే బస్సు డ్రైవరు, ఆ మనిషి ఊరు కూడా తెలియదు, మైనం మాత్రం గుర్తుంది, ఎంత చల్లబెట్టినా మెత్తగానే ఉండేది.

అక్క పొగాకు ముట్టలేదు. దారం కొరికింది. ముప్పై ఏళ్లు కత్తెర పక్కనే పెట్టుకుని పళ్లతో కొరికింది, ముందు పళ్లు గాట్లు పడ్డాక ఎడమ దవడకు మార్చింది, అక్కడో పన్ను విరిగింది, విరిగిన అంచు నాలుక పక్కన గీరుకుంది. దానివల్లనే అని ఎవరూ రాసివ్వలేదు. కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు సర్జను. చలికాలంలో ఒక సాయంత్రం అక్క వంటింట్లో ట్యూబులైటు కిందికి వచ్చి నాలుక చాపి, "ఇదేంటో చూడవే, పదిరోజులైంది," అంది. తను ఫోను టార్చి వేసి చూసింది. ఎంతసేపు చూసింది, గడియారం పెట్టి కొలిస్తే మూడు సెకన్లు. అంచు కాస్త ఎత్తుగా ఉంది, తెల్లగా ఉంది. రోజుకు అలాంటివి ఆరు కోస్తుంది, మైక్రోస్కోపు కింద అయితే నిద్రలో కూడా పోల్చుకుంటుంది, గాజు మీద ఉన్నది చూడటం వచ్చినవాళ్లకు నోట్లో ఉన్నది చూడటం రాదా, అక్క నోట్లోది కాబట్టి రాలేదా. పన్ను గీరుకుంటోంది, అరగదీయించుకో, బి కాంప్లెక్స్ వేసుకో అంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, ఇక్కడ పెరటి చెట్టును నమ్మారు, అదీ వచ్చిన చిక్కు. అక్క మూడు నెలలు బి కాంప్లెక్స్ వేసుకుంది, డబ్బా అయిపోతే ఇంకో డబ్బా. రిపోర్టులో లోతు పదకొండు మిల్లీమీటర్లు, మెడలో తీసిన ఇరవై ఎనిమిది గ్రంథుల్లో ఒక దాంట్లో ఉంది. పది దాటితే లెక్క మారుతుంది. మూడు నెలల ముందు ఎంత? నెలకు ఎంత పెరిగి ఉంటుంది? వెనక్కి లెక్కగట్టింది, ఒకసారి నాలుగు వచ్చింది, ఒకసారి ఆరు వచ్చింది, పది దాటి ఎప్పుడూ రాలేదు. ఆపరేషను తర్వాత నాలుగో రోజు, మాట లేదు, గొట్టం ముక్కులోంచి, అక్క పలక అడిగి తీసుకుని రాసింది. ఏం రాస్తుందోనని బావా తనూ వంగి చూశారు. బి కాంప్లెక్స్ ఆపేయనా? అని రాసి ఉంది. అక్క భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందని అర్థం కావడానికి క్షణం పట్టింది, బావ నవ్వాడు, తను బాత్రూముకు వెళ్లి కుళాయి తిప్పింది.

ముప్పై ఒకటి. మైనం మామ తలుపులోంచి తల పెట్టి, "టీ తెప్పించనా?" అన్నాడు. వద్దు మామా. "మొహం చూసుకున్నావా, ఎండలో ఆరేసి మర్చిపోయిన గుడ్డలా ఉంది." నీ మొహం ఉతికిందా ఏంటి? "నాది ఉతకడం మానేసి చాలా కాలమైందిలే," అని వెళ్లిపోయాడు. ఆయన చెప్పులు కారిడారులో దూరమయ్యాయి. ఇప్పుడు పిలిచి చెప్పొచ్చు, మామా ఏడు నాది, నువ్వు చూడు అని. పిలవలేదు. అలసట వల్ల కాదు, అలసట వల్లనే అనుకుంది. అక్క అడిగినదానికి జవాబు ఆ పెట్టెలో ఉంది, నాలుగున్నరకు చెబుతానంది, నాలుగున్నర దాకా ఆ పెట్టె తనదే. ఇందాక రెండు గంటలప్పుడు అక్క ఫోను చేసేసరికి ఆరు స్లైడ్లకు మందు వేయడం అయింది. ఒక చేతి గ్లవ్ విప్పి ఎత్తింది.

"బిజీగా ఉన్నావా చిట్టీ?"

"పనిలో ఉన్నానక్కా, చెప్పు."

"స్కూలు యూనిఫారాలు ఒకేసారి రెండేళ్లకి రాసుకుంటారట. నాకే ఇస్తామంటున్నారు. ఒప్పుకోనా?"

"నన్నడుగుతావేంటి?"

"ఇంకెవర్నడగాలే? మీ బావనడిగితే నీ ఇష్టం అంటాడు, పెళ్లయినప్పట్నుంచీ అదే మాట, నా ఇష్టం ఏంటో ఒక్కసారీ అడగలేదు. డాక్టరునడిగితే బాగా తినండమ్మా అంటాడు. నువ్వు లోపలి మనిషివి. రెండేళ్లు కుట్టగలనా లేదా, అదొక్కటీ చెప్పు. మధ్యలో ఆపి పిల్లల్ని బట్టల్లేకుండా నిలబెట్టకూడదు కదా."

"నాలుగున్నరకి చెప్తా."

"నాలుగున్నరకి ఎవరొచ్చి చెప్తారే నీకు?"

కాల్ కట్ చేసి, ఫోను బల్ల మీద పెట్టడానికి పెట్టెను కాస్త జరిపి, కొత్త గ్లవ్ వేసుకుని, పిపెట్ తీసుకుని మిగతా ఆరు పూర్తి చేసింది. పెట్టెలో రెండు వరసలు, ఒకటినుంచి ఆరు, ఏడునుంచి పన్నెండు. ఒకటో స్లైడూ పన్నెండో స్లైడూ రోగులవి కావు, పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చెప్పే సాక్షులు, రెండూ ఒకే పాత ముక్కలోంచి కోసినవి: ఒకటికి మందు వేస్తారు, అది నిండుగా రంగు తేలాలి, పన్నెండుకు మందు బదులు ఉప్పునీళ్లు వేస్తారు, అది తెల్లగా ఉండాలి. మందూ ఉప్పునీళ్లూ చూపుకు ఒకటే, రెండింటికీ రంగు లేదు.

పెట్టెను జరిపింది. జరిపిందా, తిప్పిందా?

ఇరవై రెండు నిమిషాలు మిగిలి ఉండగా ఈ ప్రశ్న వచ్చింది. తిప్పి ఉంటే రెండో వరస ఎడమ చివరకు ఏడు బదులు పన్నెండు వస్తుంది. ఎడమనుంచి అయిదింటికి మందు వేసి ఆఖరుదానికి ఉప్పునీళ్లు వేసింది. అంకెలు చూసిందా? చూసే ఉంటుంది, చూడకుండా వేయదు, ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ వేయలేదు. అంకెలు నిటారుగా ఉన్నాయా, తలకిందులుగా ఉన్నాయా? చెవిలో అక్క మాట ఉంది, పిల్లల్ని బట్టల్లేకుండా, ఆ మాట గుర్తుంది, అంకె గుర్తు లేదు. పెట్టెను అరలో పెట్టేటప్పుడు మళ్లీ తిరిగి ఉండొచ్చు, కాబట్టి ఇప్పుడు ఎటు ఉందో చూసినా తేలదు. ఏడు మీద ఇంకో చుక్క వేయడానికి సీసాలో మందు లేదు, పదకొండు స్లైడ్లకు సరిపడేంతే మిగిలిందని పొద్దున తనే రిజిస్టరులో రాసింది. వేశాననుకుంది. ఏడుకు వేశాను. అనుకున్న కొద్దీ చెయ్యి ఏడు మీద వంగడం కనిపించసాగింది, చుక్క జారడం కనిపించింది, పక్కనే పెన్సిలు అంకె కూడా కనిపించింది, ఇంత స్పష్టంగా కనిపిస్తే అది జ్ఞాపకం కాదు కల్పన అని తెలుసు, బుడగను చూసినంత స్పష్టంగా తెలుసు, అయినా మిగతా నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు చీకట్లో అక్క, తలుపు గడియ పెట్టాను పడుకోవే అనేది. పెట్టిందా అని లేచి చూడాలనిపించేది. లేచేది కాదు. అక్క పెట్టానంది కదా.

మూడు గంటల పది నిమిషాలకు టైమరు మోగింది. ఆమె స్లైడ్లు కడిగింది. రెండో మందు వేసి అరగంట ఆగింది, మళ్లీ కడిగింది, గోధుమరంగు మందు అయిదు నిమిషాలు, నీలం అద్దకం, నీళ్లు, స్పిరిటు, మూతగాజు. నాలుగు ఇరవైకి పన్నెండు స్లైడ్లూ ట్రేలో వరసగా ఉన్నాయి. ముందు సాక్షులను చూడాలి, ఆ తర్వాతే రోగులవి. ఆమె ఏడును తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నీలం చుక్కలు, వాటి చుట్టూ తెలుపు. కదిపింది. ఒక అంచునుంచి ఇంకో అంచు దాకా నడిపింది. ఎక్కడా గోధుమరంగు లేదు. సున్నా. కళ్లు తీసి, మళ్లీ పెట్టి, ఇంకోసారి నడిపింది. సున్నా.

ఫోను తీసింది.

"ఒప్పుకో అక్కా."

"ఏంటీ?"

"రెండేళ్లకీ ఒప్పుకో. కుడతావు."

అవతల మిషను ఆగిన చప్పుడు వినిపించింది. "సంతకం పొద్దున్నే పెట్టేశానే తల్లీ. కాయితం కూడా పంపించేశా."

"మరి నన్నెందుకడిగావ్?"

"నువ్వు వద్దంటే అప్పుడు భయపడదామని." కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "పోన్లే, వద్దనలేదు. బట్ట దింపడానికి మనుషులొచ్చారు, ఉంటా."

ఆమె ఒకటో స్లైడు పెట్టింది. నిండుగా గోధుమరంగు. పన్నెండో స్లైడు పెట్టింది. కణాల చుట్టూ గోధుమరంగు వలలా ఉంది, ఒకటో స్లైడులో ఎలా ఉందో అలాగే. స్లైడు తీసి అంకె చూసింది. పన్నెండు. పెట్టి మళ్లీ చూసింది. ఆ తర్వాత రెండు స్లైడ్లూ పట్టుకుని కారిడారు దాటి డాక్టరు గదికి వెళ్లింది.

"సార్, పన్నెండు రంగొచ్చింది."

ఆయన చూశాడు. "ఇది తెల్లగా ఉండాలి కదా?"

"ఏడుకి పడాల్సిన మందు దీనికి పడింది సార్. దానికి ఉప్పునీళ్లు పడ్డాయి. పెట్టె తిరిగింది, నేను చూసుకోలేదు."

"నువ్వా?"

"ఏడు మా అక్కది సార్."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"పొద్దున్నే చెప్పాల్సింది."

"అవును సార్."

"సాక్షి తప్పితే పన్నెండూ తప్పినట్టే. అందరివీ మళ్లీ చెయ్యాలి. మామ చేస్తాడు, నువ్వు ఆ గదిలో ఉండకు." ఆగి అడిగాడు. "కొత్త సీసా ఎప్పుడొస్తుంది?"

"పదిహేను రోజులు సార్."

"మీ అక్కకేమైనా చెప్పావా?"

"చెప్పాను సార్."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె ల్యాబుకు వచ్చి రిజిస్టరు తెరిచి, ఆ రోజు తేదీ కింద రెండునుంచి పదకొండు దాకా పది వరసల్లోనూ 'చెల్లదు' అని రాసి, కారణం దగ్గర తన తప్పు రాసి, సంతకం పెట్టింది. అప్పుడు టైము నాలుగు నలభై ఎనిమిది. ఏడో నంబరుకు ఫలితం లేదు. అయిదు గంటలకు అక్క కొట్లో ముదురు నీలం బట్ట ఆరు తానులు దిగాయి.